రుజువమ్మగారి ఎదుట కారు ఆగాలి

రుజువమ్మగారు తన కళ్ళతో చూడందే దేన్నీ నమ్మరు. తెల్లారిందని ఎవరైనా చెబితే, కిటికీ తెర తొలగించి ఒకసారి సరిచూసుకుని గానీ మంచం దిగరు. అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. వీధంతా కలిసి పెట్టిన ఈ పేరే ఆవిడకి ఖాయమైపోయింది.

కొడుక్కి పన్ను నొప్పి వస్తే, "ఇప్పుడుందా?" అని అడిగారు.

"ఇప్పుడు కాస్త తగ్గిందమ్మా. రాత్రంతా చంపేసింది."

"రాత్రి సంగతి రాత్రి చెప్పాలి. మళ్ళీ వచ్చినప్పుడు పిలు, చూస్తా."

పక్కింటాయన తన కుక్కకి మనుషుల మాటలు అర్థమవుతాయని గొప్పలు పోతే, కుర్చీ తీసుకెళ్ళి దాని ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. సాయంత్రమైంది. కుక్క నిద్రపోయింది. పక్కింటాయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఇక కోడలైతే, పాలు పొంగిపోయాయని చెప్పడం మానేసి, పొంగుతుండగానే కేకెయ్యడం అలవాటు చేసుకుంది.

ఆ ఇంట్లో ఒక పాత కారుంది. ఎన్ని చేతులు మారి వచ్చిందో దానికే తెలియదు. పొద్దున్న బుద్ధిగా స్టార్టవుతుంది. కొంత దూరం పోయాక దగ్గి, గునిసి, నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదులుతుంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆఫీసువాళ్ళందరూ చూస్తుండగా ఆగి, కొడుకు చేత తోయించుకుంది. ఆయనగారు ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద విసిరేశాడు.

"బాగయ్యేదాకా దీన్ని ముట్టుకోను. బాగయ్యాక రోజూ నేనే ఆఫీసుకి తీసుకెళ్తా."

"మరి నా ఆసుపత్రో?" అంది కోడలు.

ఆమెకి కొండ అవతలి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. తెల్లవారుజాము షిఫ్టు. ఆ వేళప్పుడు అటువైపు బస్సు కాదుగదా, సైకిలు కూడా పోదు.

"చూద్దాంలే," అన్నాడు మొగుడు. ఆయన చూద్దాంలే అన్నదేదీ ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

కోడలికి లైసెన్సు లేకపోలేదు. పెళ్ళికి ముందు తీసుకున్నది బీరువా అడుగున పాత బట్టల కింద పడుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి కారు గేటుకి గీరుకుంది. అప్పట్నుంచీ మొగుడు, "మా ఆవిడ కారు తీస్తే ముందే చెప్పమనండి, గోడలు పక్కకి జరుపుకుంటాం," అని కనిపించిన చుట్టానికల్లా చెప్పి నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది, స్టీరింగు మాత్రం మళ్ళీ పట్టుకోలేదు.

మెకానిక్కు వచ్చి చూసి, "పెట్రోలు తోసే పంపు పోయిందండీ, మార్చెయ్యాలి," అన్నాడు.

"పోతుండగా చూశావా?" అన్నారు రుజువమ్మగారు.

"చూడక్కర్లేదండీ. అనుభవం."

"అయితే నా ముందు పోనీ. అప్పుడు మారుద్దువుగాని."

అతను పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

రుజువమ్మగారు పెట్రోలు బంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. పెట్రోలు వాసన ఆవిడకి అత్తరుతో సమానం. రబ్బరు గొట్టంతో ట్యాంకులోంచి గాజు సీసాలోకి కాస్త పెట్రోలు తీసి, ఎండలో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. నీళ్ళు కలవలేదు. ఫిల్టరు మార్పించారు. జబ్బు అలాగే ఉంది.

"అమ్మాయ్, పంపు వెనక సీటు కింద ఉంటుంది. నేను అక్కడ చెవి పెట్టి వింటాను. నువ్వు నడుపు."

"నేనా! నాకు చేతులు వణుకుతాయి అత్తయ్యా."

"వణకనీ. స్టీరింగూ వణుకుతుంది. రెండూ కలిసిపోతాయి."

ఆ రోజు నుంచి ఊరేగింపు మొదలైంది. ముందు కోడలు, కళ్ళు పెద్దవి చేసుకుని. వెనక సీటు మీద అత్తగారు, అడ్డంగా పడుకుని, చెవి సీటుకి అంటించి. బజారులో జనం తొంగి చూసి, "అయ్యో, పెద్దావిడకి సీరియస్సట," అంటూ దారిచ్చారు. ట్రాఫిక్ పోలీసు చెయ్యడ్డుపెట్టి లారీల్ని ఆపాడు.

"ఆగిందా?" అని వెనక నుంచి గొంతు.

"ఇంకా లేదు అత్తయ్యా."

"అయితే కొండెక్కించు."

కొండ మీద కారు దగ్గి ఆగింది. "చూశారా!" అంది కోడలు, తనే కనిపెట్టినంత సంబరంగా.

"చూశాను. పంపు శబ్దం శుభ్రంగా ఉంది. కానీ ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది? రేపు మళ్ళీ."

అలా రేపులు గడిచాయి. కోడలు ఇరుకు సందుల్లో రివర్సు చేసింది. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ముందుకి లాగింది. హారను కొట్టిన ఆటోవాణ్ణి తిరిగి ఓ మాట కూడా అనేసింది. జబ్బేమిటో మాత్రం తేలలేదు.

ఉద్యోగంలో చేరడానికి ముందురోజు కారు మళ్ళీ కొండ మీద ఆగింది. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. రేపు ఇక్కడే ఆగితే మొదటిరోజే ఉద్యోగం ఊడినట్టే. పెట్రోలు గానీ అయిపోయిందేమోనని దిగి ట్యాంకు మూత తిప్పింది. ఉస్స్ మంటూ గాలి లోపలికి పోయింది. మూత బిగించి తాళం తిప్పితే, కాసేపు ఆగే పనిలేకుండా కారు వెంటనే స్టార్టయింది.

"అత్తయ్యా! గాలి కోసం మూతకుండే చిల్లు పూడుకుపోయింది! లోపలికి గాలి వెళ్ళకపోతే పెట్రోలు బయటికెలా వస్తుంది?"

వెనక సీట్లో అత్తగారు అటు తిరిగి పడుకున్నారు.

కారు తిన్నగా స్పేర్ పార్టుల కొట్టు ముందు ఆపి మూత అడిగింది. కొట్టాయన తెల్లబోయాడు. "మీ అత్తగారు ఎప్పుడో కొనుక్కెళ్ళారు కదమ్మా! చిల్లులో ఊది, గాలి పోతోందో లేదో చూసుకుని మరీ తీసుకున్నారు."

కోడలు తిరిగొచ్చేసరికి రుజువమ్మగారు లేచి కూర్చుని కరెంటు స్తంభాన్ని శ్రద్ధగా చూస్తున్నారు.

"కొత్త మూత ఎక్కడుంది అత్తయ్యా?"

"నా బ్యాగులో."

"ఎప్పట్నుంచి?"

"సీసాలోకి పెట్రోలు తీసిన మర్నాటి నుంచి. మూత తిప్పగానే ఉస్సుమంది. నా చెవులతో విన్నా."

"మరి ఇన్నాళ్ళూ నన్ను ఊరంతా ఎందుకు తిప్పారు?"

"కారు బాగైతే మావాడు పట్టుకుపోతాడు. నువ్వు మళ్ళీ పక్క సీట్లో కూర్చుని వాడి జోకులకి నవ్వుతావు. వాడి జోకులు నాకు చిన్నప్పట్నుంచీ నచ్చవు."

అత్తగారి మీద అంత ప్రేమ ముంచుకొస్తుందని కోడలు ఎన్నడూ అనుకోలేదు. కొత్త మూత తీసుకుని తన చేత్తో బిగించింది. కొండ దాటి ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వచ్చింది. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలో నిలబడున్నాడు. "ఇంజను శబ్దం భలే ఉందే! బాగైందా? అయితే రేపట్నుంచి నేను..."

కోడలు తాళాలు చాపబోయింది.

రుజువమ్మగారు తాపీగా చెప్పులు విప్పుతూ, "బాగవడమా? కొండ మీద ఆగిందిరా. దిగేటప్పుడు మళ్ళీ ఆగింది," అన్నారు.

"నిజంగా?"

"నా కళ్ళతో చూశాను."

ఆ తల్లి నోట ఆ మాట వచ్చాక ఇక అప్పీలు లేదు. కొడుకు తాళాలు పెళ్ళాం చేతిలోనే ఉంచి గుప్పిట మూసేశాడు. "నువ్వే తీసుకెళ్ళు తల్లీ. ఎక్కడైనా తోయాల్సొస్తే నాకు మాత్రం ఫోన్ చెయ్యకు."

కోడలు వంటింట్లోకి పరుగెత్తి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తగారు మంచినీళ్ళకని వెనకాలే వచ్చారు.

"మీరు అబద్ధం ఆడారు అత్తయ్యా!"

"నేనా?" రుజువమ్మగారు గ్లాసు కడుక్కుంటూ అటూ ఇటూ చూశారు. "ఎవరు చూశారు?"