ఉన్నదున్నట్టు రాయమన్న సిస్టర్

"పిల్ల తిండి మానేసిందని ఎందుకు రాయలేదు, మామ్మగారూ?"

"రాస్తే గోలీలు బంద్ పెడ్తరు గదా."

"పెడితే పెడతారు. అందుకే కదా రాయమన్నది."

"నీకేం బిడ్డా, పొద్దుగూకితే ఇంటికి పోతవు. గీ పిల్ల చెయ్యి కొరుక్కుంటుంటే పట్టుకునేది నేను."

పక్కింట్లో కుక్కర్ కూత వినబడినప్పుడల్లా ఈ మాటలే నా చెవుల్లో తిరుగుతాయి. మొయినాబాద్ పక్కన మా ఇంట్లో కుక్కర్ పెట్టడం మానేసి ఏళ్లయింది. ఆ కూతకు నా మనవరాలు మైత్రి గోడకు అంటుకుపోయేది. ఆటిజం ఉన్న పిల్ల. మాట తక్కువ, భయం ఎక్కువ. కూతైనా, బస్సు హారనైనా, కొత్త చెప్పులైనా ముంజేయి రక్తం వచ్చేలా కొరుక్కునేది. కొడుకు తోటకు, కోడలు గండిపేటలో కాలేజీ వంటశాలకు పోతే పిల్ల నా వంతు.

అలాంటి పిల్లల భయానికి ఒక మందు పనిచేస్తుందో లేదో పట్నం దవాఖానలో పరీక్షిస్తున్నారని తెలిసి, అందరం కలిసి చేవెళ్ల నుంచి వచ్చే బస్సెక్కి పోయాం. అక్కడ పరిచయమైంది సుగుణ సిస్టర్, కోస్తా మనిషి. కాగితాల్లో ఉన్నదంతా నిదానంగా చదివి వినిపించింది. సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి మందు లేనిది. ఎవరికి ఏది పడిందో తనకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

"నీళ్లు పోసి పాలంటే తాగెటోళ్ల లెక్క కనబడ్తున్ననా?" అన్నాను.

"నమ్మొద్దండీ. చూసి రాయండి. మందు పనిచేస్తుందని ముందే తెలిస్తే మిమ్మల్ని ఇంతదూరం ఎందుకు రప్పిస్తాం? వద్దనుకుంటే ఏ రోజైనా మానేయొచ్చు."

కొడుకు, కోడలు సంతకాలు పెట్టాక ఒక నోటుబుక్కు తీసింది. కోడలు చెయ్యి చాపితే ఇవ్వలేదు. "పగలంతా చూసేది మామ్మగారు. ఆవిడే రాయాలి," అంది. మూడో తరగతితో బడి మానిన దాన్ని. చాకలి పద్దు రాయమని కూడా ఎవరూ నన్ను అడిగి ఎరగరు.

మొదట్లో రోజుకొక్క మాటే రాసేదాన్ని: బాగుంది. కాగితం వృథా కాదు. సిస్టర్ తల అడ్డంగా ఊపేది. "ఏం తిన్నది? ఎప్పుడు భయపడింది? దానికి ముందు ఏమైంది?" అలా అడిగి అడిగి నాకు చూడటం నేర్పింది. కొరుకుడు ఎక్కువగా వంటవేళే అని నా రాతలోనే నాకు కనబడింది. "కూత లేకుండా వండలేరా?" అని అడిగింది ఒకసారి. "గిన్నెల వండితే ఎంత కాల్తది? గ్యాసు ఊకెనే వస్తదా?" అన్నాను. ఆమె నవ్వింది.

రెండో నెలకు మైత్రి నెమ్మదించింది. కుక్కర్ కూస్తున్నా పీట మీద కూర్చుంది. దాంతోపాటే తిండి తగ్గింది, పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. నేను మళ్లీ బాగుంది అనే రాశాను. స్కర్టు జారుతుంటే కొత్తది కొనకుండా నడుము దగ్గర పిన్నీసు పెట్టాను.

తూకం వేసేటప్పుడు సిస్టర్ చూపు ఆ పిన్నీసు మీద పడింది. పక్కన పాత చిల్లులు మూడున్నాయి, ఒకదానికంటే ఒకటి లోపలికి. గుచ్చి గుచ్చి అడిగితే తిండి సంగతి, వాంతుల సంగతి చెప్పక తప్పలేదు. మా తగవు అప్పటిదే. చివరికి ఆమె గొంతు తగ్గించి, "ఈ పుస్తకం నమ్మి రేపు ఇంకో పిల్లకు ఈ మందు ఇస్తారు. ఆ పిల్లకు వాంతులైతే వాళ్ల మామ్మకు ఎవరు చెప్పాలండీ?" అంది.

డాక్టరు వచ్చి చూసి, మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేయాలన్నాడు. కొత్త నోటుబుక్కు ఇస్తే అంతా మళ్లీ రాస్తానన్నాను. సిస్టర్ ఒప్పుకోలేదు. "పాతది చెరపొద్దు, చింపొద్దు. తప్పు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టండి."

తిరుగు బస్సులో మైత్రి నా ఒడిలో పడుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల బరువు నా తొడలకు తెలియలేదు.

మాకు పడింది ఏ మాత్రో నాకు ఇప్పటికీ తెలియదు. సిస్టర్ వేరే ఊరికి మారిపోయింది. ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే, బాగున్నాం అనే ముందు నేటికీ నా నోరు ఒక్క క్షణం ఆగుతుంది.

ఆ రోజు దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు పొద్దున గడప మీద కూర్చుని, అబద్ధం రాసిన ప్రతి 'బాగుంది' మీద ఒక్కొక్క గీత కొట్టాను. గుర్తున్నవి పక్కన రాశాను, గుర్తులేని చోట గుర్తులేదనే రాశాను. అన్నింటి కిందా సంతకం పెట్టాను. తర్వాత కుక్కర్ తీసి అటక మీద పెట్టి, గిన్నెలో అన్నం వార్చాను. మైత్రి నాలుగు ముద్దలు తిన్నది. అదీ రాశాను.