బూడిద దిబ్బ ఎవరిది

పదహారేళ్లు పిల్లలకు హరప్పా పాఠం చెప్పాను. ఇటుకలు, మురుగుకాల్వలు, స్నానవాటిక, అన్నీ నోటికొచ్చు. "అది యాడుంది సార్?" అని అడిగితే పటం మీద వేలు పైకి, ఇంకా పైకి జరిపేవాణ్ణి. మన వైపు రాళ్లు తప్ప ఏముందిలే అని నా ధీమా. మాది కడప. కర్నూలు జిల్లా పడమటి కొసకు బదిలీ అయ్యాకే ఆ ధీమా సడలింది.

బడికి పోయే దారిలో ఒక చేని అంచున దిబ్బ ఉండేది. చుట్టూ నల్లరేగడి, అదొక్కటే తెల్లగా, ఒక పక్క తవ్వేసి ఉండేది. ఒకరోజు బండి ఆపాను. చేను గల పెద్దాయన, ఊళ్లో అందరికీ చాచానే, ఆ మన్ను ట్రాక్టర్‌లోకి ఎత్తిస్తున్నాడు.

"ఇదేం మన్ను చాచా?"

"బూడిద సారూ. ఎవురో రాకాసిని ఈడ కాల్చినారంట. మా నాయన కాలం నుంచీ చేనికి తోలుతాండాము. శానా బలం. మిరప ఎట్లుండాదో చూడు."

తవ్విన వైపు గోడలా నిలిచిన మన్నులో, చక్రం లేకుండా చేత్తో చేసిన కుండల పెంకులు కనిపించాయి. కింద పడ్డ మన్నులో నున్నగా అరగదీసిన రాతిగొడ్డలి దొరికింది. ఇనుమన్నది ఎరగని మనుషులది. నల్లబల్ల మీద ఇన్నేళ్లు వంకరటింకరగా గీసిన గొడ్డలి నా చేతిలో ఉంది! ఆ పూట బడికి ఆలస్యంగా పోయాను.

అప్పటి నుంచి నాకు మనసు నిలవలేదు. ప్రతి ఆదివారం అక్కడే. వాళ్లేం తిన్నారు? ఎండాకాలం నీళ్లెక్కడివి? ఇంత బూడిద దేనిది? రెండేళ్లు చాచాను బతిమాలాను, వేల ఏండ్ల చరిత్ర, తవ్వొద్దని. "చరిత్రతో కడుపు నిండుతాదా సారూ?" అని నవ్వి టీ ఇచ్చేవాడు. వానను నమ్ముకున్న చేను, ఆయన మాత్రం ఏం చేస్తాడు? మరునాడు ఇంకో ట్రిప్పు పోయేది. మనిషెత్తు దిబ్బ నడుమెత్తుకు దిగింది. అదీ పోతే ఆ మనుషులెవరో తెలుసుకోవడానికి ఇంకేమీ మిగలదని నాకు ఒకటే గుబులు.

చివరికి పురావస్తు తవ్వకాల్లో పనిచేసి రిటైరైన ఒక మేడమ్‌ను కర్నూలు నుంచి పిలుచుకొచ్చాను. ఆమె చిన్న తాపీతో ఆ మన్నుగోడను చదునుగా చెక్కి పొరలు చూపించింది.

"ఇది రాకాసి బూడిద కాదు పెద్దాయనా, పేడది. ఆ కాలం వాళ్లు ఇక్కడ పశువులకు దొడ్డి కట్టారు. పేడ పోగుపడితే కాల్చారు, మళ్లీ పోగుపడితే మళ్లీ కాల్చారు."

ఒక పొర మీద గిట్టల ముద్రలున్నాయి. చాచా గొంతుక్కూచుని ఒక ముద్రలో రెండు వేళ్లు ఆనించి చూశాడు.

"అయితే ఇది ఒకరి పెంటదిబ్బనా అమ్మా?"

"అట్లాగే అనుకోండి."

ఆయన మొహం మారిపోయింది. ఆ ఊళ్లో ఇంటింటికీ ఎరువుకని సొంత పెంటదిబ్బ ఉంటుంది. పక్కవాళ్ల దిబ్బలో గంపెడు ఎత్తితే తలలు పగులుతాయి. ఇల్లు తాళమేసి వలసపోయిన వాళ్ల దిబ్బనైతే, వాళ్లు తిరిగొచ్చేదాకా ఎవరూ ముట్టరు.

"వాళ్లు యాడికి పోయినారమ్మా?"

"తెలీదు పెద్దాయనా."

"ఇన్ని గొడ్లుండేటోళ్లు పోయినారంటే నీళ్లు లేకే పోయింటారు. అడగకుండా ఎత్తుకుంటిమి."

అంతలో ఆ పూట ట్రిప్పుకు ట్రాక్టర్ వచ్చింది. చాచా లేచి ఎదురుపోయి దాన్ని వెనక్కి పంపేశాడు.

రెండేళ్లు నేను మొత్తుకున్నా ఆగనిది ఆ ఒక్క సంగతికి ఆగింది. నాకు చెప్పలేనంత సంతోషం, దాని వెంటే సిగ్గు. ఆ ఏడు చాచా చేనికి ఎరువు లేదు. మిరప మోకాలెత్తు కూడా రాలేదు. ఆయన ఎప్పటిలాగే నన్ను టీకి పిలిచేవాడు. నేనే చుట్టుదారిన బడికి పోవడం మొదలుపెట్టాను.