వంకాయ రంగుకు వెలుగు కావాలి

బళేపేటలో మా మామకు గాజుల అంగడి ఉండేది. కాలేజీ అయ్యాక సాయంత్రాలూ, సెలవు రోజులూ నేను అక్కడే కూర్చునేవాణ్ణి. పని చేశానని మామ మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. సందు ఇరుకు కావడంతో ఎండ గడప దగ్గరే ఆగిపోయేది. లోపలంతా బల్బుల పసుపు వెలుగే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, ప్రభుత్వ ఆఫీసుల్లో మామూలు బల్బులు తీసేసి కరెంటు తక్కువ తాగే సీఎఫ్ఎల్ దీపాలు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆ వార్త బళేపేట చేరేసరికి బల్బు కనబడితే కేసే అన్నంతగా పెరిగింది. మామ మర్నాడే అన్నీ మార్పించాడు.

"అది గవర్నమెంటు ఆఫీసులకు మామా. మన అంగడిని చూసి ఆఫీసని ఎవరూ పొరబడరు. ఇక్కడ పిలిస్తే పలుకుతారు," అన్నాను.

"నువ్వు ఊరికే ఉండప్పా. రేపు మనకూ వస్తాది."

సాయంత్రం స్విచ్చి వేసి వెలుగుకు దండం పెట్టడం మామ అలవాటు. కొత్త దీపం తీరిగ్గా వెలిగేది. అది నిండుగా వెలిగేదాకా ఆయన చేతులు దించేవాడు కాదు. మామకు భక్తి ముదిరిందని పక్క అంగడివాళ్ళు అనుకున్నారు.

అసలు చిక్కు ఒక వంకాయ రంగు చీరతో వచ్చింది. మామ తండ్రి కాలం నుంచీ పెళ్ళి గాజులు మా దగ్గరే కొనే ఒక ఇంటి పెద్దావిడ, కూతురి చీర తెచ్చి, కొత్త దీపం కింద గాజులు పక్కన పెట్టి చూసుకుని, సరిగ్గా కలిశాయని తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున్నే చీరతో సహా తిరిగి వచ్చింది.

"ఏమప్పా, ఎండలో చీర వంకాయ రంగు ఉండాది. గాజులు చూస్తే నేరేడుపండు! ఎల్లుండి పెళ్ళి. నా బిడ్డ నాతో మాట్లాడేదే లేదు."

"రెండూ తినేవే కదా పెద్దమ్మా," అన్నాను.

ఆమె చూసిన చూపుకు అరలో గాజులు పగలలేదంటే అది మా సరుకు గొప్పతనమే.

"ఇంక వేరే అంగడి చూసుకుంటాలే," అంది.

మామ స్టూలు, గాజుల పెట్టెలు ఎత్తుకుని వీధిలోకి నడిచాడు. ఆమె ఎండలో చీర పరిచింది. దారిన పోయేవాళ్ళు ఆగి తలా ఒక సలహా ఇచ్చారు. ఒక ఆటో డ్రైవరైతే తనకు ఏ రంగు నచ్చిందో కూడా చెప్పాడు. చివరికి ఆమే ఒక జత తీసి అంచుకు ఆనించి, "ఇదప్పా వంకాయ," అంది.

ఆ సాయంత్రం మామ అటక మీది పాత బల్బొకటి దించి గల్లాపెట్టె పైన వేలాడదీశాడు, రంగు చూడడానికి మాత్రమే.

"మరి కేసు పెడితే?" అన్నాను.

"పెట్టేవాళ్ళ ఇండ్లలో పెళ్ళిళ్ళు జరగవా? చీర తెచ్చుకోమను."