వెదురు గడ విరిగిన శుక్రవారం

అప్పట్లో నేను ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ఒక కంపెనీకి సేఫ్టీ ఆఫీసర్‌ని. ఆ శుక్రవారం మా క్యాంప్‌లో ఆటల పోటీలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొందరు పనివాళ్లు నా చుట్టూ చేరితే, పోల్ వాల్ట్ గురించి చదివినదంతా చెప్పుకొచ్చాను. అంతర్జాతీయ పోటీల తొలి రోజుల్లో ఇప్పటిలా విల్లులా వంగే గడలు లేవు. ముందు బరువైన కర్ర, తర్వాత వెదురు. కింద పరుపుల్లేవు, ఇసుకా రంపపు పొట్టూ. కొందరైతే గడ నిటారుగా నిలవగానే చేతులు మార్చుకుంటూ దాని మీదే పైకి పాకి దూకేవారు. గడ విరిగితే ఎవరి అదృష్టం వారిదని కూడా అన్నాను, నవ్వుతూ.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనివాడొకడు లేచాడు. అతనూ, వాళ్లన్నా క్యాంప్‌లో ఒకే గదిలో ఉండేవారు.

"నేను దుంకుత సార్. వెదురే గద."

షామియానాకు తెచ్చిన వెదురు గడ ఒకటి మిగిలి ఉంది. వద్దనవలసినవాణ్ణి నేనే. అనకపోగా ఇసుక కుప్ప ముందు తాడు కట్టించాను.

రెండుసార్లు దాటాడు. క్యాంపంతా ఈలలు.

"ఇంకింత మీదికి గట్టుండ్రి," అన్నాడు. ఈసారి నేనే కట్టాను.

అతను గాలిలో ఉండగా గడ తుపాకీ పేలినట్టు విరిగింది. కింది సగం ఇసుకలో గుచ్చుకుని నిలబడే ఉంది. దాని మొన మీదే పడ్డాడు. అది చంకలో దిగి భుజం వెనక బయటికొచ్చింది. నోరు తెరిచి, కాళ్లతో ఇసుకను తన్నుకుంటున్నాడు. లాగొద్దని అందరినీ ఆపి, నా చొక్కా విప్పి గాయం చుట్టూ అదిమిపట్టాను. వేళ్ల సందుల్లోంచి వేడిగా నెత్తురు పొంగింది.

అప్పుడు వాళ్లన్న పై సగం ముక్క అందుకుని నన్ను కొట్టాడు. మొదటి దెబ్బ చెవి మీద, రెండోది మూతి మీద. రెండు పళ్లు ఊడాయి.

"కథలు జెప్పి నా తమ్ముని సంపినవ్."

చేతులు తీస్తే నెత్తురు ఆగదు. అందుకే అడ్డం పెట్టుకోలేదు. నలుగురు కలిసి అతన్ని ఈడ్చుకెళ్లేదాకా వీపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

తమ్ముడు బతికాడు. కుడి చెయ్యి మాత్రం భుజం దాటి లేవదన్నారు. విచారణలో తాడు కట్టింది నేనేనని రాసిచ్చాను. నా దెబ్బలు కింద పడితే తగిలినవన్నాను. ఉద్యోగం పోయింది.

బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి వెళితే, వార్డు తలుపు దగ్గర అన్న అడ్డంగా నిలబడ్డాడు.

"లోపటికి రాకుండ్రి సార్. మిమ్ముల జూస్తే మల్ల నా చెయ్యి లేస్తది."

"ఎలా ఉన్నాడు?"

"రెండుసార్లు దాటిన అని నర్సులకు జెప్పుకుంట ఉన్నడు."

సంచి అతని చేతికిచ్చాను. తీసుకున్నాడు. నేను మెట్లు దిగాను.