మబ్బు చాటు కొండల బేరం

ఆ కొండ ఊరికి చలికాలంలో వచ్చేవాళ్ళు చూసే వింతలు ఎన్నో లేవు. గడ్డకట్టిన జలపాతం, పిల్లలు జారుతూ ఆడుకునే చెరువు, ఎప్పుడో ఆగిపోయిన గడియారపు స్తంభం, అన్నిటికంటే పైన మంచుకొండలు కనిపించే గట్టు. ఆ గట్టు మీద మూడుకాళ్ళ దుర్భిణి పెట్టుకుని నిలబడే మనిషికి అసలు పేరొకటి ఉంది గాని, దాంతో ఎవరికీ పని పడలేదు. ఊరందరికీ అతను దుర్భిణి మావయ్య.

చూసేవాళ్ళకి ఆ పని తేలిక. చేసేవాడికి తెలుస్తుంది. పొద్దున్నే దుర్భిణిని పాత శాలువాలో చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకుని గట్టెక్కాలి. దాని కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టాలి, లేకపోతే అది మంచులో దిగబడి, కొండకు బదులు ఎవరి పెరట్లోనో ఆరేసిన లాగు కనిపిస్తుంది. చలికి ప్రతివాడి ఊపిరీ అద్దానికి పట్టేస్తుంది కాబట్టి ఒక్కొక్కరు చూశాక మెత్తటి గుడ్డతో తుడవాలి.

అతని అసలు విద్యంతా మబ్బు పట్టిన రోజున బయటపడేది. ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. అటు వేలు చూపించి, "అదిగో, ఎడమ పక్క ముసలమ్మ ముక్కు. దాని పక్కన ఎద్దు మూపురం. ఆ చివర అక్కాచెల్లెళ్ళు, మాటల్లేక తలో వైపూ తిరిగి కూర్చున్నారు చూడండి" అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్ళు కళ్ళు చిట్లించుకుని వినేవాళ్ళు. ఏమీ చూడకుండానే ఇళ్ళకి వెళ్ళి అన్నీ చూశామని చెప్పుకునేవాళ్ళు.

అన్నీ బాగానే ఉన్నాయి గాని, పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా అత్తగారికి మాత్రం అతనంటే గురి కుదరలేదు. ఆవిడ కింద పట్నంలో బట్టల కొట్టు నడిపి, మోకాళ్ళు మొరాయించాక దాన్ని వేరేవాళ్ళకి అప్పగించేసి, ఈ చలికాలం మొదటిసారి కూతురింటికి వచ్చింది. నాలుగు రోజులుండి ఆదివారం బస్సుకి వెళ్ళిపోతానని వచ్చీ రాగానే చెప్పేసింది.

"చలి తగ్గేదాకా ఉండరాదటే అమ్మా" అంది కూతురు.

"ఉండి ఏం చేయను? మేము గుడ్డ తాను విప్పి, పరిచి, వెలుగులో చూపించి అమ్మాం. మీ ఆయన మబ్బుకేసి వేలు చూపించి బతుకుతున్నాడు. అదీ ఒక పనేనా?"

అల్లుడు పక్కగదిలో అద్దం తుడుస్తూ అంతా విన్నాడు. కోపం రాలేదు, బాధ వేసింది. ఆవిడ వెళ్ళేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కొండలు కనిపిస్తే చాలు, తను గాలి కబుర్లు చెప్పేవాడు కాదని ఆవిడకి తెలుస్తుంది. ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

మబ్బు మాత్రం పంతం పట్టినట్టు కదల్లేదు. సరే, దగ్గర నుంచి చూసేవైనా చూపిద్దామని జలపాతానికి తీసుకెళ్ళాడు. ఆవిడ గొడుగు కొసతో మంచును పొడిచి చూసి, కూతురితో, "నీళ్ళు ఆగిపోతే చూడ్డానికి ఇంతమందా? మా వీధి కుళాయి రోజూ ఆగుతుంది" అంది. మర్నాడు గడియారపు స్తంభం దగ్గర, "ఇదీ ఆగిందే. ఈ ఊళ్ళో నడిచేదేమైనా ఉందా?" అని అల్లుడికేసి ఓరగా చూసింది. చెరువు దగ్గర మాత్రం భారీ మనిషొకాయన జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే అవతలి ఒడ్డుకి చేరితే, ఆవిడ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది. అల్లుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

శనివారం ఆవిడ కూతురితో కలిసి గట్టెక్కి, బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. అప్పుడే ఒక వ్యాను నిండా జనం దిగారు. ఎదురుగా అదే తెల్లటి గోడ. దుర్భిణి మావయ్య అలవాటుగా వేలెత్తాడు. ఎత్తినవాడు బెంచీ వైపు చూశాడు. ఆవిడ చూపులు అతని వేలి మీదే ఉన్నాయి.

"ఇవాళ ఏమీ కనిపించవండి" అన్నాడు, వేలు దించేసి.

జనం ఉసూరుమంటూ వ్యాను వైపు తిరిగారు.

కొట్టుకి వచ్చిన మనిషి ఉత్తచేతులతో మెట్లు దిగితే ముప్పై ఏళ్ళపాటు అత్తగారి ప్రాణం విలవిల్లాడింది. ఆ ప్రాణం ఇప్పుడు మాత్రం ఎలా ఊరుకుంటుంది? మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి నిలబడింది.

"ఏవమ్మా, ఇంత దూరం వచ్చి చూడకుండానే పోతున్నారా? ఇలా రండి. అదిగో ఎద్దు మూపురం. తెలుపంటే మామూలు తెలుపు కాదు, ఉతికి, గంజి పెట్టి, ఎండలో ఆరేసిన తెలుపు. దాని అంచు చూశారా, పొద్దున పూట సన్న జరీ పెట్టినట్టుంటుంది. ఆ పక్కన అక్కాచెల్లెళ్ళు, ఒకే తానులోంచి చింపినట్టు ఇద్దరూ. ముసలమ్మ ముక్కు ఆ చివర. తొందరపడకండి, నిదానంగా చూడండి."

వ్యాను ఎక్కినవాళ్ళు కూడా దిగి వచ్చారు. ఇంట్లో అల్లుడు కూతురితో చెప్పుకునే కొండల కబుర్లు ఈవిడ నాలుగు రోజులుగా గోడకి చెవి ఆనించి విన్నదన్నమాట.

అప్పుడు గాలి మళ్ళింది. మబ్బు ఒక పక్క నుంచి జారిపోతూ కొండలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, ఎండలో ధగధగలాడుతూ. ఆవిడ చెప్పిన వరసలో ఒక్కటీ కుదరలేదు. ఎద్దు ఉందన్న చోట ముసలమ్మ ముక్కు నిక్కపొడుచుకుని ఉంది.

"పెద్దమ్మా, మీరు చెప్పిన చోట లేవే" అన్నాడొకాయన నవ్వుతూ.

"మబ్బు చాటున అవి చోట్లు మార్చుకుంటే నాదా తప్పు?" అంది ఆవిడ తొణక్కుండా. గట్టంతా గొల్లున నవ్వింది.

అందరూ చూడడం అయ్యాక ఆవిడ దుర్భిణి దగ్గరికి వచ్చింది. అల్లుడు అద్దం తుడిచాడు, ఆవిడ ఎత్తుకి సరిపోయేలా దించాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

కన్ను తీయకుండానే ఆవిడ అంది, "ఇంత సరుకు పెట్టుకుని, నన్ను రమ్మని గట్టిగా ఎందుకు పిలవలేదు నాయనా?"

పెళ్ళయ్యాక ఆవిడ అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

"పిలిచాను అత్తయ్యగారూ, ఏటా పిలిచాను" అన్నాడతను.

"గట్టిగా పిలవలేదు."

కూతురు కళ్ళు ఒత్తుకుంటూ, "ఇంక పదమ్మా, రేపు బస్సుకి అన్నీ సర్దుకోవాలిగా" అంది.

"ఆ బస్సులో వెళ్ళేవాళ్ళు వెళ్తార్లేవే" అంది ఆవిడ, దుర్భిణిని కొంచెం పక్కకి తిప్పుతూ. "ఆ పొట్టి కొండ పేరేమిటో నువ్వు చెప్పు నాయనా. రేపు నేను మళ్ళీ తప్పు చెప్తే నీ పరువు పోతుంది."