ఏడుతో ముగిసే నంబరు

మా చర్చికి వచ్చే ముసలి డాక్టరు గారు ఒకరు ఏ కాగితాన్నయినా వరుస కింద వేలు పెట్టి రెండుసార్లు చదివేవారు. గుంటూరు నుంచి జర్మనీ వచ్చి యాభై ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు.

కరోనా రోజుల్లో ఒక శనివారం నన్ను బాడెన్‌బాడెన్ తీసుకెళ్లారు. ఆ ఊళ్లో పేరున్న కాసినోను బయటినుంచే చూసి, పక్క వీధిలో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఎవరికైనా జబ్బు తేలితే కబురు చేయడానికి బల్ల మీద ఒక కాగితం పెట్టారు: పేరు, ఫోను, వచ్చిన సమయం. మంగళవారం జిండెల్ఫింగెన్‌లో నాకు ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉంది. క్వారంటైన్ పడితే అది పోతుంది. ఆయన తన వివరాలు రాశాక, నేను పేరూ సమయమూ సరిగ్గా రాసి, ఫోను నంబరులో చివరి ఏడును ఒకటి చేశాను.

ఆయన వేలు అక్కడ ఆగింది.

"ఆఖరున ఏడు కదా బాబూ?"

"కొత్త నంబర్ అంకుల్. మొన్నే మార్చాను."

"అట్టాగా. సరే," అని కాగితాన్ని వడ్డించే అమ్మాయికి ఇచ్చారు.

సోమవారం ఉదయం ఆయన ఫోన్ చేశారు.

"ఆ అమ్మాయికి కరోనా అంట బాబూ. హెల్త్ ఆఫీసు వాళ్లు నాకు ఫోన్ చేశారు, నువ్వు దొరకలేదంట. ఇంట్లోనే ఉండి టెస్ట్ చేయించుకో."

సరేనన్నాను. కొత్త నంబరు గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. ఫోన్ చేసింది మాత్రం ఏడుతో ముగిసే నంబరుకే.