దేవే ఎడమ నుదురు

ప్రమీలారాణికి సందేహం వచ్చిందంటే ఎదుటివాళ్ల పని అయిపోయినట్టే. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. సొరంగంలోకి పోయిన బండి లోపల ఏం చేస్తుందని చిన్నప్పుడు వాళ్ల నాన్న ప్రాణం తీసేదట. ఇప్పుడు జగదల్‌పూర్‌లో నర్సుగా మా ప్రాణాలు తీస్తోంది. ఒకే వార్డులో పనిచేస్తాం గనక ఆ మాట అనే హక్కు నాకుంది.

కిష్టారం వైపు నుంచి దేవే అనే ఆమెను తెచ్చారు. దోర్నపాల్ సంత నుంచి వస్తూ మోటారు సైకిలు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పింది. వార్డుకు కొత్తగా వచ్చిన మిషను పెట్టాం. నుదుటికి చెరో పక్క పట్టీ అంటిస్తే, అవి లోపలికి వెలుతురు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి మెదడుకు ఆక్సిజన్ ఎంత అందుతోందో తెర మీద చూపిస్తాయి. కుడివైపు అంకె బాగుంది. ఎడమవైపుది అట్టడుగున పడి ఉంది. ఏ మందు మార్చినా కదల్లేదు.

ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ ముకేష్ ఆమె భర్త మంగ్లూకు హిందీలో చెప్పాడు. పోయేదేదో ఇంట్లోనే పోనీ అని మంగ్లూ జీపు మాట్లాడుకొచ్చాడు. నాకు ఆ మిషను మీద ఒళ్లు మండింది.

ప్రమీలారాణి మాత్రం మంచం పక్కన నిలబడ్డ దేవే అక్క గంగే వైపే చూస్తోంది. ఇద్దరికీ ఎడమ నుదుటి మీద ఒకే రకం పచ్చబొట్టు, నల్లగా, దట్టంగా. వాళ్లింట్లో అక్కచెల్లెళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి పొడిపిస్తారట. మేం పట్టీ సరిగ్గా దాని మీదే అంటించాం. బస్తర్‌లో పుట్టిన కళ్లు పచ్చబొట్టును పట్టించుకోవు. కొత్తగా వచ్చినవాడెవడైనా అయితే మొదటిరోజే అదేమిటని అడిగేవాడు.

"ఈ పచ్చబొట్టులోంచి వెలుతురు లోపలికి పోతాదా సార్?" అని ప్రమీలారాణి అడిగింది.

డాక్టరుకూ తెలియదు. తెలుసుకోవాలన్న ఉబలాటం ఆయనకూ పుట్టింది. గంగేను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె పచ్చబొట్టు మీద ఇంకో పట్టీ ఆయనే అంటించాడు. ఏ జబ్బూ లేని ఆమె అంకె కూడా అట్టడుగుకు పోయింది.

గంగే తెర వంక చూసింది. "ఏంది, నేను గూడ పోతున్ననా?"

డాక్టరు ముందు నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు. దేవే పట్టీని పచ్చబొట్టు తగలని చోటికి జరిపాడు. ఎడమ అంకె మెల్లగా పెరిగి కుడిదాని దగ్గరికి వచ్చింది.

"అయితే బతుకుతదా?" అని మంగ్లూ ప్రమీలారాణిని అడిగాడు.

ఊళ్లో అందరినీ ప్రశ్నలడిగే మనిషి ఈసారి జవాబు చెప్పాల్సి వచ్చింది.

"తెల్దన్నా. పోతాదని మేం చెప్పింది మాత్తరం తప్పు."

మంగ్లూ బయటికి వెళ్లి జీపు పంపించేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. అతను తిరిగొచ్చి దేవే చెయ్యి పట్టుకున్నాడు. తెర వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు.